మామూలు అంటే ఎంత?

మొన్న ఎండాకాలం మొదట్లో మా మేనమామ ఫోను చేశాడు. క్షేమ సమాచారాల జోలికి పోలేదు. "మూడు నెలల్లో మన వాడలో ఏడుగురు పోయారురా. ముప్పయ్యేళ్ళు పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్పావు కదా, ఒకసారి వచ్చి ఈ లెక్క చూసి పో" అన్నాడు. ఆయనకు కావలసింది లెక్క చూడటం కాదు, తేలిపోయిన లెక్క మీద నా ముద్ర. దోషి ఎవరో ముందే నిశ్చయమైపోయింది: సంక్రాంతికి ముందు వాడ చివర నిలబెట్టిన సెల్ టవర్.

మాది నల్లగొండ నుంచి మునుగోడు మీదుగా చండూరు, మర్రిగూడ వైపు పోయే దారిలో ఒక ఊరు. పేరు చెప్పను. చెబితే టవర్ వాళ్ళకంటే ముందు మా బంధువులే నా మీదికి వస్తారు. ఆదివారం పొద్దున బస్సు దిగి ఇంటికి వెళ్ళేసరికి మామ అరుగు మీద ఠావు కాగితంతో కూర్చుని ఉన్నాడు. ఎర్ర సిరాతో ఏడు పేర్లు, ఎదురుగా తేదీలు, పక్కన వయసులు. బడిపంతులుగా పనిచేసిన మనిషి కాబట్టి గీతలు కూడా స్కేలు పెట్టి గీశాడు.

మూడో పేరు మీద వేలు పెట్టాను. ఆయన పదేళ్ళుగా హైదరాబాద్‌లో కొడుకు దగ్గర ఉన్నాడు. దహనానికి మాత్రమే ఊరికి తెచ్చారు. "మన వాడ మనిషే కదా" అన్నాడు మామ. అయిదో పేరు గల ఇల్లు కల్వర్టు అవతల ఉంటుంది. నా చిన్నప్పటి నుంచి కల్వర్టు దాకానే మన వాడ. "కల్వర్టు అవతలే గానీ టవర్‌కు దగ్గర" అన్నాడు. అక్కడ పట్టుకున్నాను. వాడ ఎల్లలు గీసి అందులో చావులు లెక్కపెట్టడం ఒక పని. చావులు ఎక్కడ ఉన్నాయో చూసి, అవన్నీ లోపల పడేలా ఎల్లలు గీయడం పూర్తిగా వేరే పని. బాణం వేసి, అది గుచ్చుకున్న చోటు చుట్టూ సున్నా చుట్టి, గురి కుదిరిందని చెప్పుకున్నట్టు ఉంటుంది. కాలం విషయంలోనూ మామ అదే చేశాడు. టవర్ నిలబెట్టిన రోజు నుంచి కాకుండా, ఆ తరువాత మొదటి చావు జరిగిన రోజు నుంచి మూడు నెలలు లెక్కపెట్టాడు.

ఇద్దరిని కొట్టేస్తే అయిదుగురు మిగిలారు. వాడలో సుమారు పన్నెండు వందల మంది ఉంటారని మామ అంచనా. మన దేశంలో ఏడాదికి వెయ్యి మందిలో ఆరేడుగురు పోతారు. ఏడనుకుంటే పన్నెండు వందల మందికి ఏడాదికి ఎనిమిది మంది పైచిలుకు, మూడు నెలలకు ఇద్దరు. ఇద్దరు పోవలసిన చోట అయిదుగురు పోయారు. రెండున్నర రెట్లు! మామ ముఖం వెలిగింది. కానీ సగటున ఇద్దరు పోయే చోట, ఏ ప్రత్యేక కారణమూ లేకుండా, ఒక మూడు నెలల్లో అయిదుగురో అంతకన్నా ఎక్కువో పోయే అవకాశం వందకు ఆరు దాకా ఉంటుంది. మా ఊళ్ళో ఇంతటి వాడలు మూడు, ఏడాదిలో మూడు నెలల విడతలు నాలుగు, మొత్తం పన్నెండు గళ్ళు. వాటిలో ఏదో ఒక గడిలో ఇలా జరిగే అవకాశం సగానికి పైమాటే. పైగా వయసు పిల్లలందరూ పట్నం పోయి ముసలివాళ్ళు మిగిలిన ఊరు మాది. ఇక్కడ వెయ్యికి ఏడు అన్న లెక్కే తక్కువ.

"అంటే అయిదుగురు పోవడం నీకు మామూలేనా?" అన్నాడు మామ.

ఆ ప్రశ్నకు నా దగ్గర సూటి జవాబు లేదు. ఈ వ్యాసం ఆ బస్సు ప్రయాణం నుంచి నన్ను తొలుస్తున్న ఆ ఒక్క మాట గురించే. చోటులోనూ కాలంలోనూ అసాధారణమైన గుంపులను పట్టుకునే లెక్కలు ఇప్పుడు చాలా ముదిరాయి. కంప్యూటర్లు రోజూ రాత్రి లక్షల వృత్తాలు గీసి పొద్దున్నే ఫలానా చోట ఏదో జరుగుతోందని చెప్పగలుగుతున్నాయి. ఆ లెక్కల్లో కష్టమైన భాగం లెక్క కాదని, మామూలు అంటే ఎంతో నిర్ణయించడమని నా వాదన. ఆ నిర్ణయం లెక్కకు ముందే, చాలాసార్లు ఎవరూ చూడకుండానే జరిగిపోతుంది.

ముందు కాకితో మొదలుపెడతాను. కాకతాళీయం అని మనకొక చక్కటి మాట ఉంది. కాకి వాలింది, తాటిపండు రాలింది, రెంటికీ సంబంధం లేదు. బడిలో ఇంతవరకే చెబుతారు. కానీ మా వైపు పొలం గట్ల వెంట ఎన్ని తాటిచెట్లు, ఎన్ని కాకులు! అన్ని చెట్ల మీద అన్ని కాకులు రోజంతా వాలుతూ లేస్తూ ఉంటే, ఏదో ఒక కాకి వాలిన క్షణాన ఏదో ఒక పండు రాలకపోతేనే ఆశ్చర్యపడాలి. ఆ ఒక్క చెట్టు కింద నిలబడి చూసినవాడికి మాత్రం అది అద్భుతం. మామ నిలబడింది ఆ చెట్టు కిందే.

మాటలతో ఇది ఆయనకు ఎక్కలేదు. అత్తను అడిగి ముగ్గుపిండి తెచ్చి, ముందు గదిలో షాబాద్ బండల మీద పది అడ్డం, పది నిలువు, మొత్తం వంద గళ్ళు గీశాను. వంద జొన్నలు లెక్కపెట్టి చేటలో పోసి, గళ్ళ మీద ఎగరేసి చల్లాను. బయటికి దొర్లినవాటిని ఏరి మళ్ళీ చల్లాను. అత్త వంటింటి గుమ్మంలో నిలబడి "ఇద్దరికీ పనిలేదు" అంది. మామ మోకాళ్ళ నొప్పితోనే వంగి లెక్కపెట్టాడు. ముప్పై తొమ్మిది గళ్ళు ఖాళీ. ఒక గడిలో నాలుగు జొన్నలు, గోడ పక్క గడిలో అయిదు. గడికి ఒకటి చొప్పున పడాల్సిన జొన్నలు! "గోడ పక్కన వాలు ఉందేమో" అన్నాడు మామ. అదిగో, మనిషి బుద్ధి. అయిదు జొన్నలు ఒకచోట కనబడితే చాలు, కారణం వెతుకుతుంది. మళ్ళీ చల్లితే ఈసారి గుంపు గుమ్మం వైపు పడింది, గోడ పక్క రెండు గళ్ళు ఖాళీ.

యాదృచ్ఛికం అంటే సమంగా పరుచుకోవడం అని మనందరి మనసులో ఉంటుంది. ముగ్గు చుక్కల్లా ఎడం ఎడంగా. నిజానికి ముగ్గు చుక్కలు యాదృచ్ఛికానికి పూర్తి వ్యతిరేకం. వాటి వెనక ఒక చెయ్యి ఉంది. ఏ చెయ్యీ లేనప్పుడు జొన్నలు గుంపులు కడతాయి, ఖాళీలు వదులుతాయి. వంద గళ్ళలో వంద గింజలు చల్లితే సుమారు ముప్పై ఏడు ఖాళీగా ఉండాలని, ఇలా గుడ్డిగా పడేవాటి లెక్క కట్టే పాయిజాన్ విభాజనం అనే సూత్రం చెబుతుంది. మాకు ముప్పై తొమ్మిది వచ్చాయి.

ఇదే లెక్క 1946లో ఆర్.డి. క్లార్క్ అనే బీమా లెక్కల మనిషి లండన్ మీద వేశాడు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో జర్మన్ల ఎగిరే బాంబులు దక్షిణ లండన్‌లో కొన్నిచోట్ల గుత్తులుగా పడుతున్నాయని జనం నమ్మారు. క్లార్క్ ఆ ప్రాంతాన్ని పావు చదరపు కిలోమీటరు చొప్పున 576 గళ్ళుగా కోశాడు. పడిన బాంబులు 537. ఒక్క బాంబూ పడని గళ్ళు 229. గుడ్డిగా పడితే ఎన్ని ఖాళీగా ఉండాలని లెక్కకడితే 227 వచ్చింది. అంటే ఇంతింత చిన్న గళ్ళకు గురిపెట్టడం ఏదీ జరగలేదు. బాంబుల కింద బతికినవాళ్ళకు ఈ మాట ఏం ఊరటనిస్తుంది అనే ప్రశ్న వేరు. నేనైనా నమ్మి ఉండేవాణ్ణి కాదేమో.

అయితే అన్ని గుంపులూ జొన్నల గుంపులు కావు. కొన్నిచోట్ల నిజంగానే వాలు ఉంటుంది. తేడా ఎలా తెలుస్తుంది? ఇక్కడ అత్త గాజుల పెట్టె పనికొచ్చింది.

కుట్టుపని పుస్తకంలోంచి చించిన పెద్ద గళ్ళ కాగితం మీద మామ ఊరి పటం వేశాడు. ఇళ్ళకు చుక్కలు, చావులకు ఎర్ర బొట్టుబిళ్ళలు. అత్త దగ్గర నాలుగు కొలతల గాజులున్నాయి, మనవరాలి బుల్లి గాజు నుంచి అత్త పాత దండకడియం దాకా. గాజును ఒక ఇంటి మీద పెట్టి, లోపల ఎన్ని ఇళ్ళు, ఎన్ని బిళ్ళలు అని లెక్కపెట్టడం, జరపడం, మళ్ళీ లెక్కపెట్టడం. ప్రతి ఇంటి మీదా, ప్రతి కొలత గాజుతోనూ. స్వీడన్‌కు చెందిన మార్టిన్ కుల్‌డార్ఫ్ 1997లో ప్రచురించిన స్కాన్ గణాంకం సారం ఇదే. ఒక్కో వృత్తం శూన్యం నుంచి మొదలై పెరుగుతూ పోతుంది, మామూలుగా మొత్తం జనాభాలో సగాన్ని కప్పేదాకా. ప్రతి వృత్తం దగ్గరా ఒక నిష్పత్తి కడతారు. వృత్తం లోపల వేరే రేటు, బయట వేరే రేటు ఉందనుకుంటే ఈ కేసులు ఇలా పడే అవకాశం ఎంత, ఎక్కడైనా ఒకటే రేటు అనుకుంటే ఎంత?

ఉదాహరణకు ప్రాంతమంతటా వంద కేసులున్నాయి. ఒక వృత్తంలో పదోవంతు జనం ఉన్నారు, కాబట్టి పది కేసులు రావాలి. ఇరవై వచ్చాయి. నిష్పత్తి కడితే ఎనభై అయిదు దాకా వస్తుంది. అక్కడ ఏదో ఉందన్న మాటకు, ఏమీ లేదన్న మాట కంటే ఎనభై అయిదు రెట్ల బలం! ఈ ఒక్క వృత్తాన్ని ముందే ఎంచుకుని చూసి ఉంటే ఇలా కాకతాళీయంగా జరిగే అవకాశం వెయ్యికి రెండు. కానీ మనం ముందే ఎంచుకోలేదు కదా, ఊరంతా గాజు జరుపుతూ పోయాం. ఒకదానితో ఒకటి కలవని ఇలాంటి పది వృత్తాలు చూస్తే, వాటిలో కనీసం ఒకదాంట్లో ఇలా కనబడే అవకాశం వందకు రెండు. చూసిన చోట్లు పెరిగే కొద్దీ కనబడిన దాని విలువ తగ్గుతుంది. రాత్రంతా తాటిచెట్ల కింద కాపలా కాసినవాడికి ఒక పండు దొరికితే దాన్ని అదృష్టం అనం.

ఈ చిక్కుముడిని కుల్‌డార్ఫ్ విప్పిన తీరు నాకు చాలా ఇష్టం. అన్ని వృత్తాల్లోకి అతి పెద్ద నిష్పత్తి ఏదో అదొక్కటి రాసిపెట్టుకుంటారు. తరువాత కంప్యూటర్ అవే వంద కేసులను జనాభాను బట్టి యాదృచ్ఛికంగా పటం మీద చల్లి, మళ్ళీ అన్ని వృత్తాలూ గీసి, ఆ చల్లుడులో అతి పెద్ద నిష్పత్తి ఎంతో చూస్తుంది. ఇలా 999 సార్లు చల్లడం రివాజు. అసలుదానితో కలిపి వెయ్యి. అసలు నిష్పత్తి ఆ వెయ్యింటిలో ఎన్నో స్థానంలో నిలిచిందో చూస్తారు. ఇరవయ్యో స్థానంలో నిలిస్తే, ఏమీ లేని చోట కూడా ఇంతటి గుంపు వెయ్యికి ఇరవై సార్లు ఎక్కడో ఒకచోట కనబడుతుందని అర్థం. ఎన్నిచోట్ల చూశాం అనే పాపం ఈ చల్లుళ్ళలోనే పరిహారమైపోతుంది, ఎందుకంటే ప్రతి చల్లుడులోనూ అన్నిచోట్లా చూసి అతి పెద్దదాన్నే తీసుకున్నారు. అంతకు పదేళ్ళ ముందు, 1987లో, స్టాన్ ఓపెన్‌షా బృందం ఉత్తర ఇంగ్లండ్‌లో పిల్లల రక్త క్యాన్సర్ మీద ఇలాగే కంప్యూటర్‌తో వేలకొద్దీ వృత్తాలు గీయించింది. అణు కర్మాగారం పక్కన ఉండటంతో అందరికీ అనుమానం ఉన్న సీస్కేల్ కనబడింది, ఎవరూ అనుకోని గేట్స్‌హెడ్ వైపు కూడా కనబడింది. అన్నిసార్లు చూసిన పాపానికి ఏం చేస్తారు అన్న విమర్శకు అప్పుడు సరైన జవాబు లేదు. కుల్‌డార్ఫ్‌ది ఆ జవాబు.

కాలం ఎక్కడ వస్తుంది? అత్త తన గాజులన్నీ చేతికి వేసుకున్నట్టు ఊహించండి. ఒక గాజు ఒక వారం. ఒకే చోట దొంతరగా పేర్చిన గాజులు ఒక గొట్టం అవుతాయి. అడుగు చోటు, ఎత్తు కాలం. నాలుగు గాజుల గొట్టం అంటే ఆ వృత్తంలో ఆ నాలుగు వారాలు. కంప్యూటర్ ఇప్పుడు వృత్తాలకు బదులు గొట్టాలు పెట్టి వెతుకుతుంది. జనాభా లెక్కలు సరిగా లేని చోట 2005లో కుల్‌డార్ఫ్, ఆయన సహచరులు ఇంకో ఉపాయం ప్రకటించారు. కేసుల ఊళ్ళ చీటీలు ఒక కట్ట, తేదీల చీటీలు ఒక కట్ట. తేదీల కట్టను పేకముక్కల్లా కలిపి మళ్ళీ ఊళ్ళకు పంచుతారు. ఊరికి మొత్తం ఎన్ని కేసులో మారదు, తేదీకి మొత్తం ఎన్నో మారదు, జతలు మాత్రమే మారతాయి. వెయ్యిసార్లు పంచినా రాని జత అసలు లెక్కలో ఉంటే, ఆ ఊళ్ళో ఆ వారం ఏదో కొత్తగా జరిగిందన్న మాట. 2015 వేసవిలో న్యూయార్క్ ఆరోగ్య శాఖ రోజూ నడిపే ఇలాంటి లెక్క దక్షిణ బ్రాంక్స్‌లో, ఊపిరితిత్తులను పట్టే లెజియనేర్స్ వ్యాధి గుంపును మనుషులు గమనించేలోపే చూపించింది. ఒక హోటల్ మీది కూలింగ్ టవర్ నుంచి ఆ వ్యాధి సూక్ష్మక్రిమి గాలిలోకి వచ్చింది. 138 మంది జబ్బుపడ్డారు, 16 మంది చనిపోయారు. లెక్క ఆలస్యమై ఉంటే ఇంకెందరో.

కాబట్టి నేను ఈ పద్ధతులకు విరోధిని కాను. ముప్పయ్యేళ్ళు వీటి పక్కనే బతికాను. నా ఫిర్యాదు ఇంకోచోట ఉంది.

పదేళ్ళ కిందట ఒక వానాకాలం. మిత్రుడైన ఒక వైద్యుడు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం రిజిస్టర్లు నాకిచ్చి చూడమన్నాడు. 2004లో మొదలైన సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం కింద అప్పట్లో ప్రతి వారం అనుమానిత కేసులకు, వైద్యుడు చూసినవాటికి, ప్రయోగశాలలో తేలినవాటికి వేరు వేరు ఫారాలు పైకి పోయేవి. వాటికి మూలమైన రిజిస్టర్లు అవి. ఆ కేంద్రం ఉన్న ఊళ్ళోనే రెండు వారాల్లో తొమ్మిది జ్వరాలు. అంతకుముందు నెలకు ఒకటి రెండు. గొట్టం దొరికింది! ఉత్సాహంగా నలుగురికీ చెప్పాను. ఊళ్ళో దోమల మందు కొట్టించారు, సర్పంచ్‌ను నానా మాటలూ అన్నారు, కాలువ పక్క ఇళ్ళవాళ్ళ తొట్లు బోర్లించారు. వారం తరువాత ఒక ఆశా కార్యకర్త తీరిగ్గా చెప్పింది: "సార్, ఆ తొమ్మిది మంది ఈ ఊరివాళ్ళు కాదు, అయిదు తండాల వాళ్ళు. కొత్తగా వచ్చిన ఆయనకు తండాల పేర్లు పట్టికలో కనబడక, అందరికీ ఈ ఊరి పేరే రాశాడు." తొమ్మిది జ్వరాలూ నిజమే. గుంపు మాత్రం ఒక కలం సృష్టించింది. నేను ఫారం చూశాను, తండాకు వెళ్ళలేదు. సర్పంచ్‌కు క్షమాపణ చెప్పడానికి వెళితే ఆయన టీ ఇచ్చి పంపాడు, కానీ మాట్లాడలేదు.

ఆ తరువాత ఎక్కడ గుంపు కనబడినా నేను ముందు రాసిన చెయ్యి ఎవరిదో చూస్తాను. ఆసుపత్రి దగ్గరున్న ఊళ్ళో జబ్బులు ఎప్పుడూ ఎక్కువే, ఎందుకంటే అక్కడివాళ్ళు నడిచి వచ్చి రాయించుకుంటారు. దూరపు తండాలో రోగం లేదని రిజిస్టర్ చెబుతుంది. నిజానికి లేనిది బస్సు. పరీక్షల యంత్రం వచ్చిన నెలలో వ్యాధి పెరుగుతుంది, యంత్రం చెడిపోతే వ్యాధి నయమవుతుంది. పాలమూరు నుంచి వలస పోయే కూలీల సంగతి మరీ కష్టం. ముంబయిలోనో పుణెలోనో పని చేసేచోట దోమ కుడుతుంది, జ్వరం పండక్కి ఇంటికొచ్చినప్పుడు బయటపడుతుంది. పటం మీద బిళ్ళ నారాయణపేట వైపు పల్లెలో పడుతుంది, దోమ మాత్రం ఏ కట్టడం గుంతలోనో ఉంటుంది.

గళ్ళు గీసేవాళ్ళు గళ్ళే మార్చేస్తే? 2016 అక్టోబర్ 11న పది జిల్లాల తెలంగాణ ముప్పై ఒక్క జిల్లాలయింది. 2019లో ముప్పై మూడు. పాత నల్లగొండలోంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. పాత మహబూబ్‌నగర్ లోంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, తరువాత నారాయణపేట వచ్చాయి. షాద్‌నగర్ రంగారెడ్డికి, కొడంగల్ వికారాబాద్‌కు పోయాయి. 2015నూ 2017నూ పక్కపక్కన పెట్టి మహబూబ్‌నగర్‌లో ఫలానాది సగానికి తగ్గిందని గీత గీసిన విద్యార్థి నా దగ్గర ఒకడు ఉండేవాడు. తగ్గింది జిల్లా. వాణ్ణి నేను తిట్టలేదు. కంప్యూటర్ కూడా అదే గీత గీసి, ఎర్ర రంగు కూడా వేస్తుంది.

ఇవన్నీ దిద్దుకోదగ్గ తప్పులు. శ్రద్ధ ఉంటే సరిపోతుంది. ఏ శ్రద్ధా దిద్దలేనిది ఒకటుంది, దానికోసమే ఇంతసేపూ మిమ్మల్ని నడిపించుకొచ్చాను.

మా ఊళ్ళో మీరు ఏ పెళ్ళికైనా వెళ్ళి, నవ్వే మనుషుల పళ్ళు చూడండి. ఎవరు ఇక్కడ పుట్టారో, ఎవరు కోడలిగా వచ్చారో చెప్పేయవచ్చు. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళవి గార పళ్ళు, గోధుమరంగు చారలతో, కొందరివి గుంటలు పడి. నీళ్ళు మంచివైన ఊరి నుంచి ఇరవయ్యేళ్ళ వయసులో వచ్చిన కోడలివి తెల్లటి పళ్ళు. అవే బావి నీళ్ళు ఆమె నలభయ్యేళ్ళు తాగినా పళ్ళు తెల్లగానే ఉంటాయి, కాళ్ళూ నడుమూ మాత్రం పట్టేస్తాయి. ఎందుకంటే శాశ్వత దంతాల పింగాణీ పొర ఎనిమిదేళ్ళలోపే చాలావరకు తయారైపోతుంది. ఆ ఏళ్ళలో తాగిన నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంతుందో పన్ను రాసిపెట్టుకుంటుంది. ఆ తరువాత ఎంత తాగినా రాసుకోదు. ప్రతి మనిషి నోట్లోనూ ఒక చోటు, ఒక కాలం చెక్కి ఉన్నాయి. మా అమ్మమ్మ పెళ్ళిచూపుల్లో పిల్ల పళ్ళు చూసి "ఇది ఈ నీళ్ళ పిల్ల కాదు" అనేది. ఏ గాజూ పెట్టకుండా.

ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బు ఎందుకొచ్చిందో తెలియక కాదు. మన కింద ఉన్న గ్రానైట్ రాళ్ళలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలున్నాయి. సున్నం తక్కువగా, క్షారం ఎక్కువగా ఉన్న నీళ్ళు రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచి దాన్ని కరిగించుకుంటాయి. వానలు తక్కువై బోర్లు లోతుకు పోయిన కొద్దీ ఆ పాత నీళ్ళే పైకొచ్చాయి. లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకూడదని, వేరే దారి లేకపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని మన భారతీయ ప్రమాణం. ఎముకలు వంచే ఫ్లోరోసిస్ గురించి 1937లోనే నెల్లూరు ప్రాంతం నుంచి వైద్య పత్రికల్లో రాశారు. 1970లలో నాగపూర్‌లోని నీరి అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని రూపొందిస్తే దానికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పడింది. ఇథియోపియాలో, టాంజానియాలో నీళ్ళ ఇంజనీర్లకు మా జిల్లా పేరు తెలుసు. ఆ కీర్తి ఎవరూ కోరి తెచ్చుకోరు.

ఇప్పుడు చెప్పండి. ఆ చీటీలు కలిపే పద్ధతికి మర్రిగూడ వైపు ఊళ్ళ ఫ్లోరోసిస్ కేసులు ఇచ్చి, ముప్పయ్యేళ్ళు ప్రతి రాత్రీ నడిపిస్తే ఏం చెబుతుంది? ఏమీ చెప్పదు. ఒక్క రోజు కూడా గంట మోగదు. నిరుడు ఎంతో ఈ ఏడూ అంతే, పోయిన నెల ఎంతో ఈ నెలా అంతే. అది పోల్చేది ఊరిని ఊరి గతంతో. కొత్త ఎంతో చెబుతుంది, ఎక్కువ ఎంతో చెప్పదు. మూడు తరాల వంకర కాళ్ళు దాని దృష్టిలో మామూలు. కాలం లేని, చోటు ఒక్కటే చూసే పద్ధతి పెడితే కొంత మేలు. కానీ అప్పుడు కూడా పటం ఎంతవరకు అన్నది అసలు ప్రశ్న. ఆ మండలం ఒక్కటే పటంగా ఇస్తే అన్ని ఊళ్ళూ దాదాపు ఒకటే, ఏ గాజులోనూ తేడా రాదు. పటం రాష్ట్రమంత పెద్దదైతేనే ఎర్రటి మచ్చ తేలుతుంది. జబ్బు ఉందా లేదా అన్నది పటం అంచును ఎక్కడ కత్తిరించామన్న దాని మీద ఆధారపడిపోయింది!

మామూలు అనే మాటకు ప్రభుత్వ కార్యాలయాల్లో రెండో అర్థం ఉందని మీకు తెలుసు. మొదటిసారి అడిగితే లంచం, పదోసారికి మామూలు. అప్పటి నుంచి ఎవరూ దాన్ని లెక్కలో వేయరు, ఫిర్యాదు చేసినవాణ్ణే వింతగా చూస్తారు. అలవాటైన కీడుకు మన భాష ఇచ్చిన పేరు అది. గణాంకాల్లో పోలికకు ఆధారంగా పెట్టుకుని, బేస్‌లైన్ అని మేం మర్యాదగా పిలిచేది చాలాసార్లు ఈ మామూలునే.

దీనికి పద్ధతులను తప్పుపట్టేవాళ్ళున్నారు. నేను పట్టను. పొగ వస్తే మోగే గంటను, ఇల్లు మొదటి నుంచీ చెమ్మగా ఉందని ఎందుకు చెప్పలేదు అని అడగలేం. నా గొడవ ఆ గంట ఒక్కటి కొని గోడకు కొట్టి, ఇంటి ఆరోగ్యం చూసుకుంటున్నామని చెప్పుకునేవాళ్ళతో. గంట మోగలేదు కాబట్టి అంతా బాగుందని నివేదిక రాసేవాళ్ళతో. అసాధారణాన్ని పట్టే లెక్కతోపాటు, ఊరి గతానికి సంబంధం లేని ఒక బయటి కొలత, ఆ 1.5 లాంటిది, ప్రతి బోరు దగ్గరా ప్రతి ఏడూ పెట్టి చూసే మనిషి ఉండాలి. ఆ పనికి కుల్‌డార్ఫ్ అక్కర్లేదు. ఒక సీసా, ఒక రసాయనం, ఒక రిజిస్టర్, తండా దాకా వెళ్ళే ఓపిక చాలు. ఆ పనిలో గొప్ప లేదు కాబట్టే దానికి నిధులు అడిగేవాళ్ళు తక్కువ. పటం మీద ఎర్ర మచ్చలు మిణుకుమిణుకుమంటుంటే సమావేశాల్లో బాగుంటుంది.

ఇప్పుడు కొన్నేళ్ళుగా కుళాయిల్లో కృష్ణా నీళ్ళు వస్తున్నాయి. మా మామ మనవరాలికి ఏడేళ్ళు, ముందు పళ్ళు ఇప్పుడే వచ్చాయి. ఆదివారం నేను జొన్నలు చల్లుతుంటే పక్కనే కూర్చుని నవ్వుతూ లెక్కపెట్టింది. తెల్లగా ఉన్నాయి. ఆ ఒక్క నోటితో లెక్క తేలదు, నిజమే. కానీ మంచి నీళ్ళ ఫలితం ఈ పిల్లల పళ్ళలో కనబడాలంటే ఇన్నేళ్ళు ఆగాల్సిందే, ఏ గొట్టమూ దాన్ని ముందుగా చూపలేదు. ఇలాంటి జబ్బులో గొట్టాన్ని జబ్బు బయటపడిన ఏడు మీద పెట్టినా అది తప్పే. నీళ్ళు తాగిన ఏడు మీద పెట్టాలి.

సాయంత్రం బస్సుకు బయలుదేరుతుంటే అత్త గాజులు తిరిగి లెక్కపెట్టుకుంది. ఒకటి పగిలింది, నేను కట్టివ్వాలి. మామ ఇంకా కాగితం వదల్లేదు. టవర్ వల్ల కాదని నేను చెప్పానని ఆయనకు కోపం. నేను అలా చెప్పలేదు. టవర్ల నుంచి వచ్చే బలహీనమైన తరంగాలతో మనుషులు ఇలా పోతారని శాస్త్రం ఇంతవరకూ తేల్చలేదన్నాను, ఈ అయిదు పేర్లతో అది తేలదన్నాను. "మిగతా రెండు వాడల్లో అదే మూడు నెలల్లో ఎందరు పోయారో తెలుసా మామా?" అని అడిగితే తెల్లబోయాడు. అడగాలన్న ఆలోచనే రాలేదట.

మరునాడు రాత్రి ఫోను. పొద్దున్నే పుస్తకం పట్టుకుని చెరువు వైపు వాడకు వెళ్ళాడట, ఇంటింటికీ తిరిగాడట, ఈసారి వాడ ఎల్లలు ముందే గీసుకుని, తేదీలు ముందే రాసుకుని. నాకు చెప్పలేనంత సంతోషం వేసింది.

"ఎందరు?"

"అయిదుగురే. అక్కడ టవర్ లేదు."

"మరి?"

"వాళ్ళు టవర్ అనడం లేదు. చెరువు కట్ట మీద రావిచెట్టు కొట్టేశారు కదా, అప్పటి నుంచి అంటున్నారు" అన్నాడు మామ. కాసేపు ఆగి, "అది కూడా సంక్రాంతి ముందేనురా" అన్నాడు.